కార్న్ స్నేక్, ట్రింకెట్, జెర్రిపోతు: చుట్టరికం ఎంత, ఎవరికి ఏది?

నాగుల చవితి వెళ్లిన నాలుగో రోజు. ఒడిశాలోని గుణుపురం దగ్గర మా అక్క వాళ్ల ఊరు. కళ్లంలో మొక్కజొన్న పొత్తులు ఆరబోసి ఉన్నాయి. ఒక మూల కుప్ప కదిపితే కింద నుంచి ఆరడుగుల పాము బయటికి వచ్చింది. అక్క "తాచు, తాచు! కర్ర తెండి" అని అరిచింది. పనిలో ఉన్న ఒడియా అన్న నింపాదిగా "ఢమణా" అన్నాడు. ఇంటర్ చదివే మేనల్లుడు ఫోన్ తీసి, "మామయ్యా, ఇది కార్న్ స్నేక్. మొక్కజొన్న దగ్గరే ఉంటుందట. ర్యాట్ స్నేకులూ ఇవీ ఒకటేనట. ఇంట్లో పెంచుకోవచ్చు కూడా" అన్నాడు.

ఒడియా అన్న చెప్పిందే సరి. అది జెర్రిపోతు. కానీ మేనల్లుడి మాటలో కూడా కొంత నిజం ఉంది. కార్న్ స్నేక్ నిజంగా ర్యాట్ స్నేకే. కాకపోతే మన కళ్లంలో తిరిగే ర్యాట్ స్నేక్ మాత్రం దానికి అన్నదమ్ముల వరస కాదు, చాలా దూరపు చుట్టం. ఈ తేడా తెలియకపోతే ఒకరు జెర్రిపోతును పట్టి పెట్టెలో పెడతారు, ఇంకొకరు రక్తపింజరను చూసి కార్న్ స్నేక్ అనుకుని చెయ్యి చాపుతారు. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లలో పాముల మీద ఇష్టం పెరుగుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు. "ఏది పెంచుకోవచ్చు, దేన్ని పెరట్లో ఉండనివ్వచ్చు" అని అడిగేవాళ్లకు నాకు తెలిసింది వివరంగా చెబుతాను.

ముందుగా చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు చట్టం. పాము ఎంత సాధువైనా చట్టం ఒప్పుకోకపోతే మిగతా లెక్కలన్నీ దండగ.

తర్వాత స్వభావం. మూసిన పెట్టెలో ఉండగలిగే పాములు వేరు, రోజంతా తిరిగితే తప్ప బతకలేని పాములు వేరు. రెండోరకం పామును గాజుపెట్టెలో పెడితే అది ముక్కు పగిలేదాకా అద్దానికి కొట్టుకుంటుంది.

ఆ తర్వాత తిండి. పాముకు అన్నం, పాలు పెట్టి పెంచలేం. చవితినాడు పుట్టలో పాలు పోస్తాం, అది మన భక్తి. పాము ఆహారం మాత్రం మాంసం. ఇరవై ఏళ్లపాటు ఎలుకలు తెచ్చి పెట్టేది ఎవరు అన్న ప్రశ్నకు మీ ఇంట్లో జవాబు ఉండాలి.

వేడి, కరెంటు, వైద్యం కూడా చూడాలి. మన వైపు మే నెల ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆవుకు, మేకకు డాక్టరు దొరుకుతాడు కానీ పామును చూసే డాక్టరు కావాలంటే ఇటు విశాఖ, అటు భువనేశ్వర్ దాకా వెళ్లాలి.

చుట్టరికం సంగతి

శాస్త్రవేత్తలు జీవులకు పెట్టే పేర్లు మన తెలుగు పేర్ల లాగానే ఉంటాయి. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. కార్న్ స్నేక్ పూర్తి పేరు పాంథెరోఫిస్ గుట్టేటస్. మన దేశంలోనే ఉండే ట్రింకెట్ పాము సీలోగ్నాథస్ హెలెనా. మన జెర్రిపోతు టయాస్ మ్యుకోసా. మూడిటి ఇంటిపేర్లూ వేరు.

మరి మూడిటినీ ర్యాట్ స్నేకులు అని ఎందుకంటారు? అది ఇంటిపేరు కాదు, చేసే పనిని బట్టి వచ్చిన పేరు. పర్లాకిమిడిలో ఒక మేస్త్రి ఉంటాడు, చంద్రాపూర్‌లో ఇంకో మేస్త్రి ఉంటాడు. ఇద్దర్నీ మేస్త్రి అనే పిలుస్తాం. అంతమాత్రాన వాళ్లు పాలివాళ్లు అయిపోరు. ఎలుకల్ని తిని బతికే, విషం లేని, పొడవాటి పాముల్ని దేశదేశాల్లో ర్యాట్ స్నేక్ అనే పిలిచారు.

కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము. అక్కడ దానికి రెడ్ ర్యాట్ స్నేక్ అనే పేరు కూడా ఉంది. కాబట్టి "కార్న్ స్నేక్ మేలా, ర్యాట్ స్నేక్ మేలా" అని అడగడం "కొత్తపల్లి కొబ్బరి మేలా, మామిడి మేలా" అని అడగడం లాంటిది. మామిడి రకాల్లో కొత్తపల్లి కొబ్బరి ఒకటి, ర్యాట్ స్నేకుల్లో కార్న్ స్నేక్ ఒకటి. మొక్కజొన్న పేరు దానికి ఎలా వచ్చిందో రెండు మాటలు చెబుతారు. పొత్తులు దాచే కొట్లలో ఎలుకల కోసం తిరిగేది కాబట్టి అని ఒకటి. పొట్ట మీది నలుపు తెలుపు గడులు రంగురంగుల మొక్కజొన్న గింజల వరసలా ఉంటాయి కాబట్టి అని రెండోది.

దీనికి మొదట శాస్త్రీయంగా పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1766లో. జెర్రిపోతుకు అంతకు ముందే, 1758లో పెట్టాడు. అప్పట్లో రెండిటికీ కోలుబర్ అనే ఒకే ఇంటిపేరు ఇచ్చాడు. ఆ రోజుల్లో పాముల్లో చాలావాటికి అదే ఇంటిపేరు. తర్వాత కార్న్ స్నేక్‌నూ, మన ట్రింకెట్‌నూ ఎలాఫే అనే ఇంట్లో చేర్చారు. చాలాకాలం రెండూ ఒకే ఇంటివి అనుకున్నారు. పాత పుస్తకాల్లో ఇప్పటికీ ఎలాఫే గుట్టేటా, ఎలాఫే హెలెనా అనే కనబడతాయి. 2001, 2002 ప్రాంతంలో శరీర నిర్మాణాన్నీ, డీఎన్‌ఏనూ కలిపి చూశాక ఆ ఉమ్మడి ఇల్లు పంపకాలకు వచ్చింది. ట్రింకెట్ సీలోగ్నాథస్ అయ్యింది, అమెరికా ర్యాట్ స్నేకులు పాంథెరోఫిస్ అయ్యాయి.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఇక్కడే ఉంది. అమెరికా ర్యాట్ స్నేకులకు దగ్గరి బంధువులు ఆసియా ర్యాట్ స్నేకులు కావు. అక్కడే ఉండే కింగ్ స్నేకులు, మిల్క్ స్నేకులు, గోఫర్ స్నేకులు. కోట్ల ఏళ్ల కిందట ఆసియాకూ అమెరికాకూ మధ్య బేరింగ్ జలసంధి దగ్గర నేల కలిసి ఉన్నప్పుడు వీటి పూర్వీకులు అటు దాటాయి. అక్కడే వంశం కొమ్మలు వేసింది. ఈ దగ్గరితనానికి రుజువు కళ్ల ముందే ఉంది: పెంపకందార్లు కార్న్ స్నేక్‌ను కింగ్ స్నేక్‌తో జతకట్టిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలు మళ్లీ పిల్లల్ని కంటాయి. ఇంటిపేర్లు వేరైనా రక్తం అంత దగ్గర.

జెర్రిపోతు విషయానికి వస్తే, కార్న్ స్నేక్, జెర్రిపోతు రెండూ కోలుబ్రిడే అనే పెద్ద కుటుంబంలోవే. అందులోని కోలుబ్రినే అనే ఉపకుటుంబం దాకా కూడా కలిసే వస్తాయి. అక్కడ దారులు విడిపోయాయి. మన మాటల్లో చెప్పాలంటే కార్న్ స్నేక్, అమెరికా నల్ల ర్యాట్ స్నేక్ అన్నదమ్ములు. కింగ్ స్నేక్ పెదనాన్న కొడుకు. ట్రింకెట్, జెర్రిపోతు మాత్రం ఏదైనా పెళ్లిలో కనబడితే "మనం ఎలా చుట్టాలం" అని పెద్దవాళ్లను అడగాల్సినంత దూరం.

తాచుకూ జెర్రిపోతుకూ మధ్య దూరం ఇంకా ఎక్కువ. జెర్రిపోతు మగది, తాచు ఆడది, రెండూ జతకడతాయి అని మన ఊళ్లలో గట్టిగా నమ్ముతారు. తాచు ఎలాపిడే అనే వేరే కుటుంబం. రెండు పాములు పెనవేసుకుని లేచి ఆడుతుంటే అది జత కాదు, చాలాసార్లు రెండు మగ జెర్రిపోతుల బలపరీక్ష. ఒకటి రెండోదాని తలను నేలకు వంచడానికి చూస్తుంది. ఓడింది వెళ్లిపోతుంది.

కార్న్ స్నేక్

ప్రపంచంలో ఇంట్లో పెంచే పాముల్లో బాగా పేరున్నవాటిలో ఇదొకటి, ఆ పేరు ఊరికే రాలేదు. సాధారణంగా మూడు నుంచి ఐదడుగులు. నారింజ రంగు మీద నల్ల అంచున్న ఎర్రటి మచ్చలు. విషం లేదు. చేతిలో పెట్టుకుంటే నెమ్మదిగా వేళ్ల మధ్య పాకుతుంది. ఎక్కువగా సందెవేళ, రాత్రిపూట తిరుగుతుంది, పగలు బెరడు కింద, కలుగులో నక్కి ఉంటుంది. అందుకే ఇరుకు చోటంటే దానికి భయం కాదు, భద్రత. ఎలుకను పట్టుకుని చుట్టలు చుట్టి ఊపిరాడకుండా చేసి తింటుంది.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న పెట్టె పెద్ద పాముకు సరిపోతుంది. మూతకు గడియ గట్టిగా ఉండాలి, తల దూరిన సందులోంచి ఒళ్లంతా దూరుస్తుంది. పెట్టెలో ఒకవైపు 28 నుంచి 30 డిగ్రీలు, రెండోవైపు 24 డిగ్రీల దగ్గర ఉండాలి. చలిదేశాల వాళ్ల టెన్షన్ వేడి ఎలా పెంచాలని. మనకు దానికి ఎదురు టెన్షన్. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో కరెంటు పోతే మూసిన గాజుపెట్టెలో అది ఎండదెబ్బకు చచ్చిపోతుంది. పిల్లపాముకు వారానికోసారి కళ్లు తెరవని చిట్టెలుక, పెద్దదానికి పది పద్నాలుగు రోజులకోసారి ఒక ఎలుక. పొలంలో పట్టిన ఎలుకను పెట్టకూడదు. దాంట్లో పురుగులు ఉండొచ్చు, ఎవరో పెట్టిన మందు కూడా ఉండొచ్చు. అంటే గడ్డకట్టించిన ఎలుకలు ఫ్రిజ్‌లో ఉండాలి. ఇంట్లో అమ్మ ఒప్పుకుంటుందా అన్నది నేను సరదాకు అడగడం లేదు. అక్కడే ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

చక్కగా చూస్తే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఇంటర్ చదివే పిల్లవాడు తెచ్చుకుంటే, వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాక కూడా ఆ పాముకు ఇంకా సగం ఆయుష్షు ఉంటుంది.

చట్టం మాట. ఇది మన దేశపు జీవి కాదు. బయటి నుంచి బతికున్న జంతువును తేవాలంటే దిగుమతి లైసెన్సు, ఆరోగ్య పత్రం, క్వారంటైన్ ఉండాలి. అమ్మేవాడు అది ఎక్కడ పుట్టిందో, ఎలా వచ్చిందో కాగితం చూపించలేకపోతే అక్కడితో ఆపేయండి. మా మేనల్లుడి స్నేహితుడు ఒకడు ఫోన్‌లో ఫొటో చూసి ఒక అమ్మకందారుకి అడ్వాన్సు పంపాడు. పామూ రాలేదు, డబ్బూ రాలేదు. వచ్చి ఉంటే అంతకన్నా పెద్ద చిక్కు, కాగితం లేని జంతువు ఇంట్లో ఉండేది. ముందు రాయగడలోనో పర్లాకిమిడిలోనో అటవీ శాఖ డివిజన్ ఆఫీసుకు వెళ్లి అడగండి.

ఇంకో జాగ్రత్త. ఇది తప్పించుకుంటే మన వాతావరణంలో బతికేయగలదు. కేమన్, బహామా దీవుల్లో ఇలాగే బయటి నుంచి వచ్చి స్థిరపడిపోయింది. ఆస్ట్రేలియాలో దీన్ని పెంచడమే నిషేధం. వంశధార ఒడ్డున మన పాములు మనకున్నాయి. పెంచలేక విసుగొచ్చి గెడ్డ గట్టున వదిలేయడం అన్నది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని.

అమెరికా నల్ల ర్యాట్ స్నేక్

కార్న్ స్నేక్‌కు సొంత అన్న లాంటిది. ఆరడుగుల దాకా పెరుగుతుంది, చెట్లు ఎక్కడంలో దిట్ట, భయపడితే కంపు ద్రవం వదులుతుంది. చట్టం చిక్కులు అవే, పెట్టె ఇంకా పెద్దది కావాలి. మొదటిసారి పెంచేవాళ్లు దీని జోలికి వెళ్లనవసరం లేదు.

ట్రింకెట్ పాము

కార్న్ స్నేక్‌కు మన దేశంలో పోలిక వెతికితే నేను దీన్నే చూపిస్తాను. గోధుమ రంగు, మెడ దగ్గర నల్ల చారలు, వీపు ముందుభాగంలో గడుల నగిషీ, తోక వైపు పొడవాటి పట్టీలు. సాధారణంగా మూడు నాలుగు అడుగులు. విషం లేదు. ఇదీ ఎలుకను చుట్టి చంపుతుంది. బెదిరిస్తే మెడను ఎస్ ఆకారంలో ఎత్తి, ఉబ్బించి, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ కోపం చూసి విషప్పాము అనుకుని చంపేస్తుంటారు.

పోలిక చూసి దీన్ని పట్టుకుని పెంచుకుందాం అనే ఆలోచన వస్తే మానుకోండి. అడవి పామును పట్టి ఇంట్లో ఉంచుకోవడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. దూరం నుంచి ఫొటో తీసుకుని, తేదీ, చోటు రాసి పెట్టుకుంటే అదే మంచి ఆస్తి.

జెర్రిపోతు

మన పొలాలకు ఇది పెద్ద దిక్కు. ఐదారడుగులు మామూలు, తొమ్మిది పది అడుగులవి కూడా ఉంటాయి. పగలే తిరుగుతుంది. పెద్ద కళ్లు, గుండ్రటి కంటిపాప, పెదవుల మీద నల్లటి నిలువు గీతలు. మనిషి అలికిడి వింటే బాణంలా పారిపోతుంది. దారి మూసేస్తే మెడను పక్కలనుంచి నొక్కినట్టు నిలువుగా ఉబ్బించి, గుర్రుమని శబ్దం చేస్తుంది. తాచు పడగ అడ్డంగా విప్పుకుంటుంది, దీనికి పడగ లేదు. ఈ ఒక్క తేడా తెలిస్తే ఏటా ఎన్ని జెర్రిపోతులు బతుకుతాయో!

కార్న్ స్నేక్‌లా చుట్టి చంపడం దీనికి రాదు. ఎరను ఒంటి బరువుతో నేలకు అదిమిపట్టి, చాలాసార్లు బతికుండగానే మింగేస్తుంది. ఎలుకలే కాదు, కప్పలు, తొండలు, పక్షులు కూడా తింటుంది. అది నిజంగా పరుగు మీద బతికే పాము. పెట్టెలో పెడితే నలిగిపోతుంది. పైగా పట్టడం, చంపడం, ఉంచుకోవడం నేరం. ఒకప్పుడు దీని చర్మం కోసం చంపి విదేశాలకు పంపేవాళ్లు. 1976లో పాము చర్మాల ఎగుమతి ఆపేశారు.

కాబట్టి జెర్రిపోతును ఎంచుకోవడం అంటే పెంచుకోవడం కాదు, ఉండనివ్వడం. ఎలుకల మందు, పిల్లి, జెర్రిపోతు మూడిటినీ పక్కపక్కన పెట్టి చూసినా నేను దీనివైపే ఉంటాను. పిల్లి కలుగు బయట కాపు కాస్తుంది, జెర్రిపోతు కలుగులోకే దూరి పిల్లల్ని కూడా ఖాళీ చేస్తుంది. జింక్ ఫాస్ఫైడ్ లాంటి మందు వెంటనే పనిచేస్తుంది కానీ కుక్కకూ, కోడికీ, పిల్లవాడి చేతికీ కూడా అందుతుంది. జెర్రిపోతుతో వచ్చే నష్టాలు కూడా చెప్పాలి. కోడిపిల్లలు ఉన్న ఇంట్లో ఒకటో రెండో పోవచ్చు, గుడ్లు పోవచ్చు. అది మనం రమ్మంటే రాదు, ఉండమంటే ఉండదు. ఇంకో ఊళ్లో పట్టి తెచ్చి మన కళ్లంలో వదిలితే నిలవదు. ఎలుకలు ఉన్నన్నాళ్లు ఉండి వెళ్లిపోతుంది. గిరినాగు (కింగ్ కోబ్రా) తిరిగే కొండ అంచు ఊళ్లలో దాన్ని తినడానికి గిరినాగు కూడా రావచ్చు. అప్పుడు ఎవరూ ధైర్యం చేయకుండా అటవీ శాఖకు చెప్పాలి.

| చూడవలసింది | కార్న్ స్నేక్ | ట్రింకెట్ | జెర్రిపోతు |
|---|---|---|---|
| ఏ దేశపుది | అమెరికా | మనది | మనది |
| కార్న్ స్నేక్‌కు వరస | తానే | దూరపు చుట్టం, ఒకప్పుడు ఒకే ఇంటిపేరు | దూరపు చుట్టం |
| పొడవు | 3–5 అడుగులు | 3–4 అడుగులు | 5–6 అడుగులు, ఇంకా పెరగొచ్చు |
| తిరిగే వేళ | సందె, రాత్రి | ఎక్కువగా రాత్రి | పగలు |
| ఎరను చంపే తీరు | చుట్టి | చుట్టి | అదిమి, బతికుండగానే |
| విషం | లేదు | లేదు | లేదు |
| ఇంట్లో పెంచడం | సరైన కాగితాలుంటేనే | కుదరదు | కుదరదు |
| పొలానికి ఉపయోగం | వదలనే కూడదు | ఉంది | చాలా ఉంది |

ఎవరికి ఏది

పాము పెంచాలనే కోరిక బలంగా ఉన్న కుర్రాడికి: కార్న్ స్నేక్ తప్ప వేరే ఎంపిక లేదు, అదీ కాగితాలు, ఫ్రిజ్, ఇరవై ఏళ్ల ఓపిక ఉంటేనే. ఈ మూడిటిలో ఒకటి లేకపోయినా ఇప్పుడే వద్దు. ఆ డబ్బుతో ఒక మంచి బైనాక్యులర్ కొనుక్కోండి. మహేంద్రగిరి పక్కనే ఉంది.

రైతుకు: జెర్రిపోతు. గట్ల మీద పొదలు మొత్తం తగలబెట్టకండి, గడ్డివామి కదిపేటప్పుడు ముందు కర్రతో తట్టి చప్పుడు చేయండి. అది దారి చూసుకుంటుంది. కోళ్లగూడుకు సన్నకన్ను వల వేయించండి. కోడిపిల్లల మీదే బతికే ఇల్లు అయితే మాత్రం ఉండనివ్వమని నేను బలవంతం చేయను. అటవీ శాఖ ద్వారా పాములు పట్టే శిక్షణ ఉన్నవాళ్లను పిలిపించి దూరంగా పంపించండి, చంపకండి.

బడిలో చెప్పే మాస్టార్లకు: కార్న్ స్నేక్, ట్రింకెట్ ఫొటోలు పక్కపక్కన పెట్టి పిల్లల్ని చుట్టరికం అడగండి. రెండూ మచ్చలవే, రెండూ చుట్టి చంపేవే, అయినా దగ్గరి బంధువులు కావు. ఒకే రకం బతుకు బతికితే ఒకే రకం రూపం వస్తుందని అంతకన్నా బాగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

అందరికీ కలిపి ఒక హెచ్చరిక. మన పొలాల్లో కార్న్ స్నేక్ ఉండదు. గోధుమరంగు ఒంటి మీద గొలుసులా గుండ్రటి మచ్చలు, లావు శరీరం, కుక్కర్ విజిల్‌లా బుస: అది రక్తపింజర. ఫోన్‌లో కార్న్ స్నేక్ బొమ్మ దానికి దగ్గరగా కనబడినా నమ్మకండి. కరిస్తే కట్లు బిగించకుండా, కోయకుండా, నోటితో పీల్చకుండా, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. రక్తపింజర, తాచు, కట్లపాము, చిన్నపింజర నాలుగిటికీ పనిచేసే మందు ఒకటే ఉంది, అది ఆసుపత్రిలోనే ఉంటుంది.

ఆ రోజు కళ్లంలో అక్క చేతిలో కర్ర ఒడియా అన్నే తీసుకుని పక్కన పెట్టాడు. మేనల్లుడు ఫోన్‌లో తీసిన వీడియోను ఆపి ఆపి చూశాం. పెదవుల మీద నల్ల గీతలు స్పష్టంగా ఉన్నాయి, పడగ లేదు. ఈ ఏడు పొత్తులు ఆరబోసేటప్పుడు ఆ మూల కాస్త ఎడంగా వదిలి కుప్ప పోశారు.